అజంతకు వెళ్లొచ్చిన భాష

చేతులు కడుక్కోమని చెప్పబోతే వచ్చిన చిక్కది.

వానాకాలం జబ్బులు ముదిరిన ఏడు, ఆఫీసులకు వచ్చే జనం గుమ్మంలోనే చేతులు కడుక్కోవాలని ప్రభుత్వం తలచింది. మంచి ఆలోచనే. కాకపోతే ఆ ఉత్తర్వు రాసినాయన మాటల పొదుపరి. "లోనికి వచ్చు ప్రతివారును ముందుగా చెయ్యి తడపవలెను" అని రాసి సంతకం చేసి పంపేశాడు. మూడు రోజుల్లో ఆ వాక్యం పసుపు బోర్డు మీద నల్లరంగుతో రాష్ట్రంలోని ప్రతి ఆఫీసు గుమ్మానికీ వేలాడింది. జనం చదివారు. తలాడించారు. జేబులు తడుముకున్నారు. చిత్రమేమిటంటే పదిహేను రోజులపాటు ఒక్కరంటే ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. ఇన్నాళ్లకు బోర్డు పెట్టారు, మొహమాటం తప్పింది అనుకున్నారు. పదహారో రోజున ఎవరో ఫొటో తీసి పత్రికలో వేస్తేగానీ అందులో తిరకాసు ఉందని ప్రభుత్వానికి తెలియలేదు.

అసెంబ్లీ అట్టుడికిపోయింది. విచారణ కమిటీ వేశారు. కమిటీ నెల తిరక్కుండా తేల్చింది. తప్పు బోర్డు రాసినవాడిది కాదు, వేలాడదీసినవాడిది కాదు, తడిపించుకున్నవాడిది అసలే కాదు. తప్పు తెలుగుది. ఒక్కో మాటకు రెండేసి అర్థాలు పెట్టుకుని కూర్చున్న భాషతో పరిపాలన ఎలా సాగుతుంది? కాబట్టి ఒక్క మాటకు ఒక్కటే అర్థం ఉండే కొత్త భాషను ప్రభుత్వమే తయారు చేయించాలి. ఉత్తర్వులన్నీ ఇకమీదట అందులోనే ఉండాలి.

అలా పుట్టింది రాష్ట్ర అపార్థ నిర్మూలన సంస్థ. దానికి డైరెక్టర్ జనరల్‌గా గజవెల్లి అమృతేశ్వరరావుగారిని వేశారు. ఆయన అంతకుముందు పశుగ్రాసం చూశారు, ఆ ముందు చిన్నరేవులు చూశారు. భాషతో ఆయనకున్న పరిచయం అల్లా దాన్ని మాట్లాడటమే.

మరి భాష తయారుచేయడానికి భాష తెలిసినవాళ్లు ఒకరైనా ఉండాలి కదా. ఎవరున్నారా అని ఫైళ్లు తిరగేస్తే పేరిందేవి టీచరు తగిలింది. పెదగరువు జిల్లా పరిషత్ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా తెలుగు చెబుతోందావిడ. ఆరేళ్ల కిందట విద్యాశాఖ పంపిన ఒక సర్క్యులర్‌లో పదకొండు తప్పులు ఎర్రసిరాతో దిద్ది, 'శ్రద్ధ చాలదు' అని రాసి తిప్పి పంపింది. దాని మీద ఆవిడకు ఇచ్చిన మెమో ఇంకా ఫైల్లోనే ఉంది. దాన్నే 'భాషా విషయములందు అనుభవము గలదు' అని చదువుకుని డెప్యుటేషన్ వేశారు.

పేరిందేవి లబోదిబోమంది. అప్పటికి ఆగస్టు. పదోతరగతిలో నలభై ఇద్దరున్నారు. ఆ బడికి తెలుగు టీచరు ఆవిడొక్కతే. ఇరవై రెండేళ్లలో తెలుగు తప్పిన పిల్ల గానీ పిల్లాడు గానీ ఆ బడిలో లేరు. ఆ మాట అనుకున్నప్పుడల్లా ఆవిడకు కడుపు నిండేది. మార్చిలో పరీక్షలు. హెడ్మాస్టరు ఇమ్మానుయేలుగారు కళ్లజోడు తీసి తుడుచుకుని, "తెలుగు నేనే చెప్తానమ్మా, ఏం చేస్తాం" అన్నారు. ఆయనది లెక్కల సబ్జెక్టు. ఆ మాటతో ఆవిడకు ఉన్న భయం రెట్టింపైంది.

ఉత్తర్వులో చివరి వాక్యం ఒక్కటే ఆవిడకు కాస్త ఊరట. "సదరు భాష పూర్తయిన మరుక్షణము సదరు ఉపాధ్యాయినిని స్వస్థానమునకు పంపవలెను." సరే, ఎంత తొందరగా పూర్తిచేస్తే అంత తొందరగా బడికి పోవచ్చు అనుకుని బస్సెక్కింది.

రాజధానిలో ఒక పాత భవనం మూడో అంతస్తులో ఆవిడకు ఒక గది, ఒక బల్ల, ఒక సూపరింటెండెంటు దొరికారు. సూపరింటెండెంటు పేరు బుచ్చిలింగం. మనిషి మంచివాడు. సర్వీసులో ఇరవై తొమ్మిదేళ్లు ఏ కాగితం మీదా తన అభిప్రాయం రాయకుండా నెట్టుకొచ్చాడు.

రెండు వారాలు పేరిందేవి తల ఎత్తలేదు. మొదట విసుగ్గానే మొదలుపెట్టింది గానీ, పని చేతిలో పడ్డాక ఆవిడకే సరదా పుట్టింది. ఇరవై హల్లులు, పొట్టీ పొడుగూ ఒకటిగా లెక్కేసి ఐదు అచ్చులు తీసుకుంది. ఏ మాటా మూడు అక్షరాలు దాటకూడదనుకుంది. ప్రతి మాటా అచ్చుతోనే ముగియాలి, అప్పుడు పలకడానికి నోరు అడ్డుపడదు. నీళ్లకు 'నివే' అని పెట్టింది. కాగితానికి 'లుదో'. ఒక్కో మాటనూ పదిసార్లు పైకి అని, అది తెలుగులో ఇంకోలా వినిపించడం లేదు కదా అని చెవి ఒగ్గి, ఊరగాయ రుచి చూసినట్టు నాలుక మీద తిప్పుకుని, అప్పుడు పట్టీలోకి ఎక్కించేది.

ఆవిడకు అన్నిటికంటే ముద్దొచ్చింది 'కెమి'. కెమి అంటే పని చేయడం. ఆ మకారానికి కింద ఇంకో మకారం తగిలిస్తే 'కెమ్మి', అంటే పని పూర్తయిపోయింది. ఒక్క ఒత్తుతో పని తేలిపోతుంది. ఆ సంగతి బుచ్చిలింగానికి చెప్పింది.

ఆయన రెండుసార్లు పెదవులు కదిపి చూసుకుని, "బాగుందండీ. కానీ టీచరుగారూ, ఆ రెండోది మన ఆఫీసుల్లో ఎవరికీ నోరు తిరగదేమోనండీ" అన్నాడు.

నోటు తయారైంది. పదో పేజీలో సంతకం పెట్టి పైకి పంపింది. చేసిన పొరపాటల్లా ఒక్కటే. తెలుగు టీచరు కాబట్టి, అలవాటు కొద్దీ, అక్షరాల వర్గాల పేర్లు వ్యాకరణంలో ఉన్నవి ఉన్నట్టు రాసేసింది. మొదటి సూత్రం ఇలా ఉంది: "ఇది అజంత భాష."

అచ్చుతో ముగిసే మాటలున్న భాషను అజంత భాష అంటారు. తెలుగు అలాంటిదే. తొమ్మిదోతరగతి పిల్లలకు తెలిసిన ముక్క అది. ఈ నోటు తొమ్మిదోతరగతికి వెళ్లలేదు, సంస్థవారి కమిటీకి వెళ్లింది.

మూడు రోజుల తర్వాత కబురు వచ్చింది. డైరెక్టర్ జనరల్‌గారూ, కమిటీ సభ్యులు ఎనిమిది మందీ అధ్యయనానికి అజంత బయలుదేరారట.

"అయ్యో రామ! గుహలు కావండీ అవి!" అంది పేరిందేవి.

"టిక్కెట్లు అయిపోయాయండీ" అన్నాడు బుచ్చిలింగం.

పదకొండు రోజులకు తిరిగొచ్చారు. నివేదిక ఇచ్చారు. "అజంతయందు సదరు భాష మాట్లాడువారెవరును తారసపడలేదు. గోడలపై బొమ్మలు మాత్రము గలవు. బొమ్మలు మాట్లాడుట లేదు. కావున సదరు భాష మృతభాష అని భావింపబడుచున్నది. ఎల్లోరాయందు కూడ పరిశీలించుట ఉచితము." పేరిందేవి ఆ కాగితం చదివి ఎర్రపెన్ను కోసం సంచి వెతికింది. బుచ్చిలింగం చేతులు జోడించాడు. పెన్ను లోపల పెట్టేసింది.

అక్టోబరు మొదట్లో ఒక మధ్యాహ్నం హెడ్మాస్టరుగారి ఫోన్ నుంచి నూకరత్నం మాట్లాడింది. పదోతరగతి పిల్ల, క్లాసులో మొదటి బెంచీ.

"టీచర్, ఎప్పుడొస్తారండీ? హెచ్చెమ్‌గారు ఛందస్సు చెప్పేరండీ. గణాలు అన్నారు కదాని గుణించమంటున్నారండీ. యగణాన్ని మగణంతో హెచ్చవేస్తే ఎంతొస్తాదని అడిగేరండీ."

"మీరేం చెప్పారే?"

"ఆదిబాబు పద్దెనిమిదన్నాడండీ. రైటన్నారండీ."

పేరిందేవి ఫోన్ పెట్టేసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇరవై రెండేళ్ల పేరు ఈ ఏడుతో మట్టిగొట్టుకుపోయేలా ఉందని గట్టిగా అనిపించింది.

తర్వాత నోటును అభ్యంతరాల కోసం అన్ని శాఖలకూ పంపారు. అభ్యంతరం లేదని రాస్తే చదవలేదనుకుంటారని, శాఖలన్నీ తలా ఒక అభ్యంతరం రాశాయి. నవంబరులో కమిటీ కూర్చుంది.

మొదట పరుషాలు వచ్చాయి. క, చ, ట, త, ప. గట్టిగా పలుకుతాయి కాబట్టి వ్యాకరణం వాటికా పేరు పెట్టింది. ప్రజాసంబంధాల శాఖ రాసింది: "ప్రజలతో ఏ ఉద్యోగియు పరుషముగా మాట్లాడరాదని ఉత్తర్వులు అమలులో నుండగా, పరుషములను ప్రభుత్వమే సరఫరా చేయుట తగదు."

"తీసివేయవలెను" అన్నారు అమృతేశ్వరరావుగారు.

"అవి తీసేస్తే కెమి అనడానికి వీల్లేదండీ. పని అనడానికి మాట పోతుంది" అంది పేరిందేవి.

"సదరు ఇబ్బంది సంస్థ దృష్టికి వచ్చినది. పని లేకున్నను పరిపాలన సాగును. నోట్ చేయండి."

ఇక సరళాలు. గ, జ, డ, ద, బ. మెత్తగా పలుకుతాయి. విజిలెన్స్ శాఖ మండిపడింది. అధికారులు సరళంగా వ్యవహరిస్తే చట్టం ఏం కావాలి? అవీ పోయాయి.

అంతస్థాలనే య, ర, ల, వ పట్టణ ప్రణాళిక దగ్గర ఆగాయి. నాలుగు అంతస్తులకు ప్లాను మంజూరు కాలేదన్నారు. "అంతస్థము వేరు, అంతస్తు వేరండీ" అని పేరిందేవి నెత్తీనోరూ కొట్టుకుంది. "థకు తకు ఒక వత్తే కదా భేదము. అతిక్రమణగా భావించి క్రమబద్ధీకరణకు దరఖాస్తు చేసుకొనవచ్చును" అని ఊరడించారు. ముక్కుతో పలికే న, మలు ఆరోగ్యశాఖ జలుబుల జాబితాలోకి వెళ్లి తిరిగి రాలేదు. శ, ష, స, హలను ఊష్మాలంటారు. ఊష్మమంటే వేడి అని నిఘంటువులో ఉంది. కాగితాలుండే గదుల్లో వేడి వస్తువులు నిలవ చేయరాదని అగ్నిమాపక శాఖ ఎర్రకాగితం అంటించింది.

మహాప్రాణాల దగ్గర మాత్రం పెద్ద రభసే జరిగింది. అసలు పేరిందేవి తీసుకున్న ఇరవైలో ఖ, ఘ, ఛ లాంటి ఆ ఒత్తక్షరాలే లేవు. 'మహాప్రాణములు అవసరము లేదు, అల్పప్రాణములు చాలును' అని రాసిందంతే. ఆ వాక్యం బయటికి పొక్కింది. గెజిటెడ్ అధికారులు తమ ప్రాణాలు అవసరం లేదంటారా అని తిరగబడ్డారు. గుమాస్తాల సంఘం మా ప్రాణాలు అల్పమా అని గేటు దగ్గర బైఠాయించింది. రెండు రోజులు ఎవరూ పని చేయలేదు. అయితే ఆ సంగతి బయటి జనం గమనించలేదు. చివరికి ప్రాణాలేవీ వద్దని ఉభయులూ రాజీపడ్డారు.

ఆ విధంగా హల్లులన్నీ చెల్లిపోయాయి. ఒక్క వ్యవసాయ శాఖ మాత్రం ఆవిడకు సన్మానం చేస్తామని రాసింది. హల్లుతో ముగిసే మాటలు కూడదని 'హలంతము నిషేధము' అని ఆవిడ రాసిన సూత్రం చదివి, హలానికి అంతం లేకుండా కాపాడిన రైతు పక్షపాతి అనుకున్నారు పాపం.

మొదట్లో పేరిందేవి ఒక్కో అక్షరం కోసం యుద్ధం చేసింది. నివే పోయినప్పుడు ఆ పూట అన్నం తినలేదు. లుదో పోయినప్పుడు కమిటీ ముందే గొంతు పెంచింది. డిసెంబరులో నూకరత్నం మళ్లీ ఫోన్ చేసి, అర్ధసంవత్సరం పరీక్షలో పదిహేడుమంది తెలుగు తప్పారని చెప్పింది. "నాకు ముప్పయ్యారండీ" అని ఏడ్చేసింది. ఆ రోజు నుంచి టీచరు వాదించడం మానేసింది. ఉన్నవన్నీ ఊడిపోతే పీడా పోతుంది, నా పిల్లల దగ్గరికి నేను పోతాను అనుకుంది.

జనవరి మూడున ఆఖరి సమావేశం. మిగిలినవి ఐదు అచ్చులు. అచ్చు అంటే ముద్రణ కాబట్టి అవి తమ పరిధిలోవని ప్రభుత్వ ముద్రణాలయం పేచీ పెట్టి, తమ సిబ్బంది కొరత దృష్ట్యా ఒక్క అచ్చు మాత్రమే నిర్వహించగలమని తేల్చింది.

సరిగ్గా అప్పుడే అమృతేశ్వరరావుగారికి ఇంటి దగ్గర నుంచి ఫోన్ వచ్చింది. శ్రీమతిగారు వచ్చేటప్పుడు ఏమేమి తేవాలో చెబుతున్నారు. ఆయన చెవి దగ్గర పెట్టుకుని వింటున్నారు.

"సార్, ఏ అచ్చు ఉంచమంటారు?" అని అడిగాడు బుచ్చిలింగం.

"ఊ" అన్నారాయన ఫోన్లోకి.

"ఊకారమాండీ?"

"ఊ, ఊ. ఊ."

బుచ్చిలింగం రాసేశాడు. కమిటీ చప్పట్లు కొట్టింది. ఒక్క అక్షరం, ఒక్క మాట, ఒక్క భాష. రెండో మాటే లేనప్పుడు అపార్థానికి చోటెక్కడిది?

ఒక్క సంగతి మాత్రం పేరిందేవికి అక్కడే తట్టింది. చెప్పబోయి నోరు మూసుకుంది. ఎవరైనా అడిగితే చెబుదాంలే అనుకుంది. ఎవరూ అడగలేదు. భాష సంపూర్ణమని ధ్రువీకరణ పత్రం మీద సంతకం పెట్టి ఇచ్చేసింది.

మర్నాటి నుంచే అమలు. ప్రభుత్వ ఉత్తర్వులన్నీ కొత్త భాషలోనే. విధి నిర్వహణలో ఉన్నంతసేపూ ఏ ఉద్యోగీ మరో భాష మాట్లాడరాదు, మాట్లాడితే సస్పెన్షన్. ఆ నిబంధన మీద మొదటి సంతకం అమృతేశ్వరరావుగారిది. బడుల్లో పాఠాలకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. అక్కడ చెప్పేది ఎలాగూ ఎవరూ వినరని కమిటీ అభిప్రాయం.

కొత్త భాషలో వెలువడిన మొట్టమొదటి కాగితం పేరిందేవి చేతికే వచ్చింది. పైన రాజముద్ర ఉంది. కింద సంతకం ఉంది. మధ్యలో "ఊ ఊ ఊ ఊ" అని ఉంది.

బుచ్చిలింగం అటూ ఇటూ చూసి, కిటికీ మూసి, రహస్యంగా తెలుగులో అడిగాడు. "రిలీవు చేసినట్టాండీ, చెయ్యనట్టాండీ?"

"ఈ భాషలో అపార్థం ఉండదు కదా బుచ్చిలింగంగారూ. నాకు చక్కగా అర్థమైంది" అని పేరిందేవి సంచి సర్దుకుని మధ్యాహ్నం బస్సుకు వెళ్లిపోయింది.

అక్కడితో ఆగితే బాగానే ఉండేది. ఆ వారం రాష్ట్రమంతటా అర్జీలకు జవాబులు వెళ్లాయి. ఏళ్ల తరబడి తిరుగుతున్న ముసలమ్మకు పింఛను సంగతేమిటంటే "ఊ" అని వచ్చింది. బోరు కావాలన్న ఊరికి "ఊ". బదిలీ కావాలన్నవాడికీ, సెలవు కావాలన్నవాడికీ "ఊ". జనం ఆ కాగితాలు పట్టుకుని వెళ్లి పింఛన్లు తీసుకున్నారు, బోర్లు తవ్వించుకున్నారు, రోడ్లు వేయించుకున్నారు. ఇది ఘోరమైన అపార్థమనీ, తమ ఉద్దేశం ఎంతమాత్రం అది కాదనీ ప్రభుత్వం గుండెలు బాదుకుంది. వెంటనే రద్దు చేస్తూ ఉత్తర్వు తెమ్మన్నారు.

అప్పుడు బయటపడింది పేరిందేవికి తట్టిన సంగతి. ఔననడానికి 'ఊ' ఉంది. కాదనడానికి 'ఊహూ' అనాలి. హకారం లేదు. అగ్నిమాపక శాఖ పట్టుకుపోయింది. ప్రభుత్వం దగ్గర 'కాదు' అనే మాటే లేకుండా పోయింది. పోనీ ఆ భాషనే రద్దు చేద్దామంటే ఆ ఉత్తర్వూ ఆ భాషలోనే ఉండాలి.

ఫిబ్రవరి రెండో వారంలో పెదగరువు హైస్కూలు ముందు తెల్లకారు ఆగింది. అమృతేశ్వరరావుగారు స్వయంగా దిగారు. టీచరు రిలీవు కాలేదనీ, వెంటనే వచ్చి ఒక హకారం తయారుచేసి ఇవ్వాలనీ చెప్పడానికి వచ్చారు. వెనకే, మరో భాష మాట్లాడితే రాసుకోవడానికి విజిలెన్స్ మనిషి పుస్తకం పట్టుకుని నిలబడ్డాడు.

పదోతరగతి గుమ్మంలో నిలబడి, ఆయన గొంతు సవరించుకుని గంభీరంగా, "ఊ" అన్నారు.

"నమస్కారమండీ. లోపలికి రండి" అంది పేరిందేవి.

ఆయన కారు వైపు చెయ్యి చూపి, "ఊ! ఊ ఊ!" అన్నారు.

"ఎండలో వచ్చారు కదూ, కూర్చోండి సార్. పిల్లలూ, జరగండమ్మా."

ఆయన తల అడ్డంగా ఊపుతూ, ముఖం కందగడ్డలా చేసుకుని మరో నాలుగుసార్లు ఊ కొట్టారు. పిల్లలు కిసుక్కున నవ్వారు. సార్ పాఠానికి ఊ కొడుతున్నారే, కథ వింటున్నట్టు కొడుతున్నారే అని గుసగుసలు మొదలయ్యాయి. విజిలెన్స్ మనిషి పుస్తకం తెరిచి పెన్ను మూత తీశాడు. గత్యంతరం లేక ఆయన వెనక బెంచీలో ఆదిబాబు పక్కన కూలబడ్డారు.

"ఎక్కడున్నాం?" అంది పేరిందేవి.

పరీక్షలకు నెల రోజులుంది. బోర్డు నిండా అక్షరాలున్నాయి. క, చ, ట, త, ప ఒక వరస, కింద గ, జ, డ, ద, బ. నూకరత్నం లేచి నిలబడింది.

"టీచర్, తెలుగు అజంత భాష అని పుస్తకంలో ఉందండీ. అజంత అంటే ఏంటండీ? గుహలాండీ?"

క్లాసు గొల్లుమంది. పేరిందేవి నవ్వలేదు.

"అచ్చులకు సంస్కృతంలో అచ్ అని పేరు. అచ్ అంతమందు గలది, సంధిలో చ కాస్తా జ అయి, అజంతం. అంటే మాట చివర అచ్చు ఉంటుంది. రాముడు అను, చివర ఉ వినిపిస్తుంది. చెట్టు, కాకి, మేక, ఏదైనా సరే అని చూడు. మన మాటలన్నీ అంతే. అందుకని తెలుగు అజంత భాష. దీనికీ గుహలకీ ఏ సంబంధం లేదు. ఆ మాత్రానికి ఎవరూ రైలెక్కి వెళ్లక్కర్లేదు. అర్థమైందా?"

"ఊ" అన్నారు పిల్లలు.

కాసేపటికి వెనక బెంచీలోంచి, సన్నగా, దీర్ఘంగా, "ఊఁ..." అని వినిపించింది.

ఆ భాష పుట్టినప్పటి నుంచీ, ఒక్కటంటే ఒక్కటే అర్థంతో పలికిన మాట అది. గుమ్మంలో నిలబడ్డ విజిలెన్స్ మనిషితో సహా అందరికీ ఆ అర్థం తెలిసింది. పేరిందేవి సుద్దముక్క తీసుకుని బోర్డు వైపు తిరిగి, తర్వాతి వరసలో శ, ష, స, హ రాసింది.